తెరకి రెండు పక్కలా నల్లగుడ్డ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపరు శ్రీకాకుళం జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త వేశారు. పర్లాకిమిడిలో ఒక పాత హాల్లో నెలకో ఆదివారం పొద్దున్న పూట పాత సినిమాలు ఆడిస్తున్నారనీ, వృద్ధులు కాలక్షేపానికి వచ్చి పోతున్నారనీ ఉంది అందులో. వేసినందుకు సంతోషమే, మహేంద్రతనయ ఏటికి ఇవతల, ఒడిశాలో ఉన్న మమ్మల్ని మీరు తలుచుకునేది తుఫాను వచ్చినప్పుడో ఏనుగులు దిగినప్పుడో కదా. కానీ ఆ వృద్ధుల కాలక్షేపం అన్న ముక్క దగ్గర నాకు చిరాకేసింది, దానికంటే పెద్ద సంగతి ఒకటి ఆ వార్తలో లేనే లేదు, అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ సినిమాలు వేస్తున్న తీరు బాగాలేదు. మానెయ్యమని కాదు, మానేస్తే ముందు ఏడ్చేది నేనే. వేసేదేదో సరిగ్గా వెయ్యమని.

నేనెవర్నంటే ఈ ఊళ్లో మైకుసెట్టు మనిషిని. నలభై ఏళ్లు పెళ్లిళ్లకీ వినాయక చవితికీ ఓట్లకీ హారన్లు కట్టాను, డీజేలు వచ్చాక మా కొట్టు పేరుకే మిగిలింది. సినిమాకి ముందు అరగంట పాత రికార్డులు వేస్తారని మీ వార్తలో ఒక వాక్యం ఉంది చూడండి, ఆ వేసేది నేనే. భాష సంగతి కూడా ముందే చెప్పేస్తాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన జన్మంతా పోట్లాడారు, అందుకని నాకు వచ్చినట్టు రాస్తున్నాను, మీ డెస్కు వాళ్లు మరీ దిద్దకుండా వేస్తే బావుంటుంది.

మీ పాఠకుల్లో చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు, మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చేనాటికి మేము మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. నాలుగేళ్లు తిరిగాక 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది, మా ఊరు అటు పోయింది. మొదటి ఒడియా టాకీ సీతా బిబాహ వచ్చింది కూడా ఆ 1936లోనే. మా తాతలు ఇల్లు కదలకుండా రాష్ట్రం మారిపోయారు. బళ్లో ఒడియా, కచేరీలో ఒడియా, ఇంట్లోనూ సినిమా హాల్లోనూ తెలుగు, ఇలాగే పెరిగాం మేమంతా. మహేంద్రతనయకి అవతల పాతపట్నం, ఇవతల మేము, రెండు ఊళ్ల జనమూ ఏ హాల్లో మంచి బొమ్మ ఆడితే ఆ హాలుకి నడిచిపోయేవాళ్లు.

ఈ హాలు మొదట పద్యనాటకాలు ఆడే పాక అని మా నాన్న చెప్పేవాడు. తర్వాత తెర వచ్చింది, పెంకులు వచ్చాయి, పెంకులు పోయి రేకులు వచ్చాయి. నేల, బెంచీ, కుర్చీ, ఆడవాళ్లకి వేరే గుమ్మం, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ ఎప్పుడో కొట్టేశారు గానీ గచ్చు మీద దాని చార ఇంకా ఉంది, చీకట్లో వెళ్తే కాలికి తగులుతుంది.

నాకూ ఆ హాలుకీ సంబంధం మొదలైంది ఒక వానాకాలం రాత్రి. అప్పట్లో పాత సినిమాలు మళ్లీ మళ్లీ వచ్చేవి, ఏటికి ఇటూ అటూ రెండు హాళ్లు కలిసి ఒకటే ప్రింటు తెచ్చుకునేవి. అక్కడ గంట ముందు మొదలెడతారు, అక్కడ ఆడేసిన రీలు సైకిలు మీద ఇటు వస్తుంది. రెండు వేల అడుగుల రీలు ఇరవై నిమిషాల పైన ఆడుతుంది, మూడు గంటల సినిమా అంటే పదహారు వేల అడుగుల పైమాట, సైకిలు కుర్రాడు ఎన్నిసార్లు వంతెన దాటాలో మీరే లెక్కేసుకోండి. ఆ రాత్రి ఏరు పొంగి వాడు అవతలే చిక్కడిపోయాడు. ఇక్కడ రీలు అయిపోయింది, తెర తెల్లబడింది, నేల టికెట్ల వాళ్లు బెంచీలు విరగ్గొట్టేలా ఉన్నారు. మేనేజరు తడుస్తూ మా కొట్టుకి పరిగెత్తుకొచ్చి, నీ పెట్టె, ప్లేట్లు పట్టుకుని రారా బాబూ, నా పరువు నిలబెట్టు అన్నాడు. రెండు గంటలు ప్లేట్లు, అంటే గ్రామఫోన్ రికార్డులు, వేశాను. జనంలో ఒక్కడు లేస్తే ఒట్టు. చివరికి రీలు వచ్చాక కూడా, ఆ పాట ఇంకొక్కసారి వేసి అప్పుడు మొదలెట్టండి అని అరిచారు.

ఆ రోజులు పోయాయి. కార్బన్ కడ్డీలు మండించే ప్రొజెక్టర్లు పోయి డిజిటల్ వచ్చింది, పాత మెషిన్లు చాలాచోట్ల పాత ఇనుముకి తూకం వేసి అమ్మేశారు. మా హాల్లో ఒకటి మాత్రం మెట్ల కింద ఉంది, దాని మీద చీపుర్లు పెడతారు. హాలు ఓనరు గారి మనవడు చదువుకుని వచ్చి, ఆదివారం పొద్దున్న ఎలాగూ ఖాళీయే కదా పాతవి వేద్దాం అన్నాడు. ఆ మాట అన్నందుకే ఆ కుర్రాడికి దణ్ణం పెట్టాలి. టికెట్టు కూడా టీ, బజ్జీల ఖర్చంతే.

మొదటి ఆదివారం మాయాబజార్. నేను రికార్డులు వేసేసి మురిసిపోతూ వచ్చి మధ్య వరసలో కూర్చున్నాను. బొమ్మ పడింది. అందరూ లావుగా ఉన్నారు. ఘటోత్కచుడు లావుగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు, ఎస్వీ రంగారావు గారు ఎలాగూ తెర నిండా ఉంటారు. సావిత్రి గారు ఏం పాపం చేశారండీ? శశిరేఖ ముఖం కంచంలా సాగిపోయింది. పడవ పాటలో చంద్రుడు కోడిగుడ్డులా అడ్డంగా పడుకున్నాడు. చుట్టూ చూస్తే ఎవరికీ పట్టినట్టు లేదు, టీవీల్లో ఇలాగే సాగదీసి చూడటం అలవాటైపోయింది జనానికి.

సంగతి ఏంటంటే ఆ కాలం బొమ్మ నిలువు మూడు పాళ్లయితే అడ్డం నాలుగు పాళ్లు ఉంటుంది, దాదాపు పెట్టె ఆకారం. తెలుగులో సినిమాస్కోప్ వచ్చింది 1974లో, అల్లూరి సీతారామరాజుతో. స్కోప్ బొమ్మ అడ్డం నిలువుకి రెండింతల పైన ఉంటుంది. ఆ తర్వాతే మా హాలు లాంటివి తెరలు వెడల్పు చేసుకున్నాయి. కానీ పాత ఆపరేటర్లకి జ్ఞానం ఉండేది, తెరకి రెండు పక్కలా నల్లగుడ్డ పరదాలు తాడుతో లాగేవాళ్లు, మామూలు బొమ్మకి దగ్గరికి, స్కోప్ బొమ్మకి దూరానికి, లెన్సు కూడా మార్చేవాళ్లు. ఇప్పుడు ఆ పరదాలు లేవు, తాడు కట్టిన మేకులు మాత్రం గోడకి ఉన్నాయి. పెట్టె ఆకారం బొమ్మని వెడల్పు తెర మీద గుంజి కడితే మనుషులు లావైపోతారు. కొన్నిచోట్ల ఇంకా దారుణం, సాగదీయకుండా పైనా కిందా కోసేస్తారు, అప్పుడు కిరీటాలు ఉండవు, కాళ్లు ఉండవు. నాట్యం ఉన్న సినిమాలో కాళ్లు లేకపోతే ఇంకేం చూస్తాం?

ఉండబట్టలేక ఆపరేటరు గదికి ఎక్కాను. అక్కడ ఒడియా కుర్రాడు, మంచివాడు, నన్ను మౌసా, అంటే బాబాయ్, అంటాడు. బాబూ ఆ బొమ్మని దాని కొలతలో పెట్టు అన్నాను. పక్కలు ఖాళీగా ఉంటే జనం గోల చేస్తారు మౌసా, ఓనరు నన్ను తిడతాడు అన్నాడు. తిడితే నా పేరు చెప్పు, ఒక్క పది నిమిషాలు చూద్దాం అన్నాను. వాడు ఏదో బటన్ నొక్కాడు, బొమ్మ టక్కున దగ్గరికి వచ్చింది. కింద నుంచి ఒకటే అరుపులు, బొమ్మ చిన్నదైపోనాది, ఎవుడ్రా మీద ఉన్నది అని. నేను కిటికీ లోంచి తొంగి చూస్తూ ఊపిరి బిగబట్టాను. మూడు నిమిషాలు. నాలుగు నిమిషాలు. తర్వాత శర్మ, శాస్త్రి వచ్చారు, హాలంతా నవ్వుల్లో పడింది, ఇంకెవరికీ బొమ్మ కొలత గుర్తులేదు. ఆ కుర్రాడే కాసేపయ్యాక, మౌసా, వీళ్లు ఇంత అందంగా ఉంటారా అని అడిగాడు.

శబ్దం సంగతి దీనికి అన్న. పాత సినిమా శబ్దం ఒకటే గీత, ఫిల్ము అంచున బొమ్మల పక్కనే సన్నటి దారిలా ఉంటుంది, దీపం వెలుతురు దాన్ని చదువుతుంది. ఆ శబ్దం తెర వెనక ఒక్క స్పీకరు నుంచి రావాలి, మనిషి మాట మనిషి నోట్లోంచి వచ్చినట్టు ఉండాలి. మా హాల్లో గోడల నిండా స్పీకర్లు పెట్టారు కొత్త సినిమాల కోసం, తప్పులేదు, కానీ ఆ ఆదివారం అన్నీ మోగించారు. తెర మీద మాయాబజార్ పద్యం, ఘంటసాల గారి గొంతు నా వీపు వెనక బాత్రూము వైపు నుంచి వస్తోంది. పైగా బాసు పెంచారు, మృదంగం డీజే డప్పులా కొట్టింది. రెండో నెల నేనే పక్క స్పీకర్లు తీయించి, బాసు తగ్గించి, మధ్యదొక్కటే ఉంచాను. ఒక పెద్దావిడ బయటికి వస్తూ ఈసారి మాటలన్నీ అర్థమయ్యాయి నాయనా అంది. ఆవిడకి చెవుడు అని ఇంట్లో వాళ్లు అనుకుంటున్నారట.

మూడోది రంగు. మాయాబజార్‌కి 2010లో రంగులద్ది విడుదల చేశారు, నిడివి కూడా కొంత తగ్గించారు. అది తప్పని నేననను, దానివల్ల సినిమా చూసిన పిల్లలు చాలామంది ఉన్నారు. మా ఆవిడ రంగులదే బావుంది అంటుంది, ఇంట్లో ఆ పేచీ ఇంకా తెగలేదు. కానీ ఆ పడవ పాటలో వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్ట్లే గారు పుట్టించిన వెన్నెల. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని ఛాయలు ఉన్నాయో చూసుకుని దీపం పెట్టాడాయన. దాని మీద నీలం రంగు పూస్తే వెన్నెల పోయి నీలం మిగులుతుంది. పిల్లలకి రంగు కావాలంటే 1963 నాటి లవకుశ ఉంది, తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా అదే, అది వేయండి, ఎవరు కాదన్నారు.

ఇక నా అరగంట. రికార్డులు అంటే ఏవో పాత పాటలు ఫోన్లో వేస్తున్నాడు అనుకునేరు. నా దగ్గర 78 స్పీడు ప్లేట్లు ఉన్నాయి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి, కింద పడితే అప్పడంలా ముక్కలవుతాయి. వాటికి సూది వేరు, తర్వాత వచ్చిన ఎల్పీ ప్లేట్ల సూది పెడితే గాడిలో అడుగుకి పోయి దుమ్ము చదువుతుంది. ఒక పక్క మూడు నిమిషాలు, అంతే, లేచి తిప్పాలి. ప్లేటు ఫిరాయించడం అంటే ఏంటో ఈ కాలం పిల్లలకి ఆ అరగంటలో కళ్లారా తెలుస్తుంది. కరెంటు పోయి జనరేటరు వేసినప్పుడు, దాని మీద బరువు పడితే ప్లేటు నెమ్మదిస్తుంది, గాయని పి. లీల గారి గొంతు మగగొంతు అయిపోతుంది, అప్పుడు అందరూ నా వైపు చూస్తారు, నేను జనరేటరు వైపు చూస్తాను.

ఆ మూడు నిమిషాల లెక్క వల్ల ఇంకో సంగతి ఉంది. సినిమాలో పాట పొడుగ్గా ఉంటే రికార్డు మీద పట్టదు, అందుకని తగ్గించేవాళ్లు, పాత రోజుల్లో అయితే రికార్డుకి వేరేగా పాడించేవాళ్లు కూడా. ఇళ్లలో మనం ఏళ్ల తరబడి విన్నది రికార్డు పాట. అసలు పాట హాల్లోనే ఉంది. నేను ముందు ప్లేటు వేస్తాను, గంట తర్వాత సినిమాలో అదే పాట వస్తుంది, జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఈ చరణం ఎక్కడిది అని. ఈ ఒక్క ఆనందం కోసం నేను నెలంతా ఎదురు చూస్తాను.

పైగా ఈ సంగీతం మద్రాసులో తయారైందని అందరూ అంటారు గానీ దాని పుట్టిల్లు మా చుట్టుపక్కలే. సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గర శివరామపురం, ఒరిస్సా కొండలకి ఆనుకునే ఉంటుంది సాలూరు. ఘంటసాల గారు ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి విజయనగరంలో మధూకరం అడిగి తిని సంగీతం నేర్చుకున్నారు, నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిదీ సాలూరే. సుశీల గారిది విజయనగరం. మాయాబజార్‌కి కొన్ని వరసలు రాజేశ్వరరావు గారు కట్టి మధ్యలో వదిలేస్తే మిగతాది ఘంటసాల గారు పూర్తి చేశారు, ఎక్కడ అతుకు పడిందో నలభై ఏళ్లుగా వింటున్నా నాకు దొరకలేదు. మూడో నెల మల్లీశ్వరి వేసినప్పుడు ఇదంతా మైకులో చెప్పాను, 1951లో ఈ పాటలు కట్టినాయన మన పక్క ఊరివాడు అని. చప్పట్లు కొట్టారు.

వృద్ధులు వస్తారు, ఎందుకు రారు, నేనూ వృద్ధుణ్ణే. కానీ బీఈడీ కాలేజీ అమ్మాయిలు వస్తారు, కొమ్ముతో బొమ్మలు చేసే ఇళ్ల కుర్రాళ్లు వస్తారు, తెలుగు చదవడం రాని మా ఒడియా ఇరుగుపొరుగు వస్తారు, భారతం కథకి భాష ఏంటి అంటారు వాళ్లు. వాళ్లవీ పాత ఒడియా సినిమాలు ఒక్కోసారి వేయాలని నేను ఓనరు మనవడికి చెప్పాను, ఒప్పుకున్నాడు గానీ మంచి కాపీ దొరకాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. మొన్న వేసిన సినిమా మూల ఏదో టీవీ ఛానెల్ గుర్తు ఉంది, పద్యాలు సగం లేవు. పద్యం రాగానే ఎగిరిపోతుంది, దానవీరుడు నోరు తెరుస్తాడు, వెంటనే తర్వాతి సీను. ఎవడో టైము చాలక కోసినది కాపీ అయి, కాపీకి కాపీ అయి మా తెర మీదకి వచ్చింది. మన కాపీరైట్ చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1957లో వచ్చిన మాయాబజార్‌కి 2017తో తీరిపోయింది. హక్కు తీరినా మంచి నెగటివ్, మంచి ప్రింటు ఎవరి బీరువాలో ఉంటే వాళ్ల చేతిలోనే ఉంటుంది. పుణెలో ప్రభుత్వం వాళ్ల ఫిల్ము ఆర్కైవు 1964 నుంచి ఉంది. అక్కడ ఉన్నవి, స్టూడియోల వారసుల దగ్గర ఉన్నవి, మా లాంటి రెండు వందల కుర్చీల హాలుకి తక్కువ అద్దెకి వచ్చే దారి ఒకటి ఉండాలి. ఇది హైదరాబాదులో చెప్పగల నోరు మీ పేపరుకి ఉంది, నాకు లేదు. భక్త ప్రహ్లాద ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ కాలం ఫిల్ములు కొన్ని తగలబడ్డాయి, కొన్ని వాటిలో వెండి కోసం కరిగించారు. ఉన్నవాటిని పద్యాలు కోసేసి చూపించడం కూడా కరిగించడం లాంటిదే.

మీ వల్ల కావలసినవి ఇంకో రెండు ఉన్నాయి, చిన్నవే. పాతపట్నం, టెక్కలి, మెళియాపుట్టి వాళ్లు చదివే పేజీలో నెలనెలా ఆ ఆదివారం ఏ సినిమానో, ఎన్ని గంటలకో ఒక్క లైను వేయండి, రాష్ట్రం వేరు అని తీసేయకండి. రెండోది, ఇళ్లలో అటక మీద తాతల ప్లేట్లు ఉన్నవాళ్లు వాటిని పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన వేయొద్దని రాయండి. గీతలు పడ్డా సరే, తెచ్చి ఒకసారి నాకు చూపించమనండి, ఉచితంగా శుభ్రం చేసి ఆ అరగంటలో వేసి తిరిగి వాళ్ల చేతికే ఇస్తాను. ఒక్క మాట, నిలువుగా నిలబెట్టి తెమ్మనండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కింద ఉన్నవి పగులుతాయి.

నల్లగుడ్డ సంగతితో ఆపేస్తాను. బొమ్మ కొలత సరిచేశాం గానీ పక్కన ఖాళీ తెర తెల్లగా ఉండి బొమ్మ వెలుగుని తినేస్తోంది. మొన్న ఆదివారం ఆట అయ్యాక నేనూ ఆపరేటరు కుర్రాడూ నిచ్చెన వేసి టేపు పట్టాం, రెండు పక్కలకీ కలిపి పదకొండు మీటర్లు కావాలి, మెరవని గుడ్డ అయితేనే పనికొస్తుంది. సగం డబ్బు ఓనరు మనవడు ఇస్తానన్నాడు, సగం నేను మైకుసెట్టు అద్దె వదులుకుని సర్దుతాను. పాత మేకులు గట్టిగానే ఉన్నాయి, తాడు కొత్తది కొనాలి. వచ్చే నెల లవకుశ. మీ వార్త రాసినాయన్ని ఈసారి లోపలికి రమ్మనండి, పది గంటలకల్లా వస్తే ప్లేట్లు కూడా వినొచ్చు.

ఇట్లు,
మైకుసెట్టు మనిషి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా